సాగర్ చేప

నకిరేకల్ అంగట్ల మా వరుసలున్నయన్నీ
సాగర్ చేపలే.
నావి గూడ.
అడగకముందే చెప్తం:
"సాగర్‌యి తల్లీ, తెల్లారంగ ఆటోల దిగినయి,
మొప్పలెత్తి సూడు, ఎంత ఎర్రగున్నయో."

ఎర్రగనే ఉంటయి. అది అబద్ధం గాదు.

మూసీ పేరు ఎవ్వరూ ఎత్తరు.
భీమారం కాడ మా ఇంటాయన జాల మల్సూరు
తెడ్డుతోని నురగను పక్కకు నూకి
తెప్ప దింపుతడు.
పట్నం ఒళ్లు కడుక్కున్న నీళ్లు,
రాత్రిపూట కార్ఖానాలు సప్పుడు గాకుంట ఇడిసిన నీళ్లు,
మా కాడికొచ్చేసరికి తేటగనే కండ్లవడతయి.
చెయ్యి పెడితెనే దురద.

మొన్న ఒక పిల్లొచ్చింది, భుజానికి ఐసు డబ్బా.
ఫర్హీనంట, యూనివర్సిటీల సదువంట.
బేరమాడలే.
రెండు బొచ్చెలు, ఒక కొర్రమట్ట, నాలుగు జిలేబీలు.
"కార్జం పారెయ్యకమ్మా, అదే గావాలె" అన్నది.
నేను కుక్కకేసేదాన్ని
సంచిల పెట్టి, చీటీ అంటించి,
పెన్ను పట్టుకోని అడిగింది:
"ఏ నీళ్లల్లయి?"

నాల్క మీద సాగర్ తయారుగనే ఉన్నది.
పెన్ను ఆగి సూస్తున్నది.
పక్క గంపకాడికెల్లి సైదమ్మ గూడ సూస్తున్నది.
ఆ చీటీ ఏలెడంత లేదు.
"మూసీయి" అన్న,
సచ్చినోళ్ల పేరు చెప్పినట్టు, మెల్లగ.

"సీసం ఎంతున్నదో సూస్తమమ్మా."

సీసం నాకు తెల్వదా?
మా వల అంచు పొడుగూత సీసం గుండ్లే.
వదులైనప్పుడల్లా మల్సూరు
పండ్లతోని కొరికి బిగిస్తడు, ముప్పై ఏండ్లసంది.
వల మునగాలంటే బరువుండాలె.
వలకు మేం గట్టినం,
చేపకెవలు గట్టిండ్రు?

కాయితం పంపిస్తనన్నది ఆ పిల్ల.
ఫోన్ నంబరు గూడ రాసుకున్నది.
రెండు నెలలాయె.
ఒస్తే మాత్రం ఏం జేస్త?
సదివించుకోని మల్లా గంపెత్తుకోవాలె.

నిన్న కోడలు చేపల పులుసు అడిగింది.
ఏడో నెల దానికి.
నా గంపల అమ్ముడువోనియి మూడున్నయి.
ఎప్పుడైనా మిగిలినయే మా పొయ్యి మీదికి.
వాటి మీద గోనెపట్ట కప్పి
సైదమ్మ కాడికి వోయిన.
పుట్టి బుద్దెరిగినంక చేపను పైసలిచ్చి కొన్నది
నిన్ననే.

"ఏడియే?" అన్న.

"సాగర్‌యి" అన్నది,
నా మొకం సూడకుంట చిల్లర లెక్కవెడుతా.

మొప్పలెత్తి సూసిన.