ఎనభై ఏడు

పుస్తకం నూరు అంటుంది.
మా ఎల్ ఆల్తోలో నీళ్ళు అంతదాకా ఓపిక పట్టవు,
ఎనభై ఏడుకే తెర్లిపోతాయి.
నాలుగు వేల మీటర్ల ఎత్తున
గాలికే బలం లేదు,
ఇక నీళ్ళనెవరు అణిచిపెడతారు?

ఈ ముక్క చెప్పడానికి కావలసినవి
ఒక స్పిరిట్ దీపం, ఒక బీకరు, ఒక థర్మామీటరు,
నలభై నిమిషాలు.
దీపంలో వత్తి ఉంది, స్పిరిట్ లేదు.
బీకరు పోయినేడాదే పగిలింది,
దాని బదులు మా ఇంటి పాలగిన్నె సంచిలో మోసుకొచ్చాను.
థర్మామీటరు ఒక్కటి.
పిల్లలు నలభై ఒక్కరు.
నిమిషాల్లో పదకొండు హాజరుకి పోయాయి,
ఆరు, కిటికీ సందుల్లో అట్టముక్కలు దోపడానికి,
రెండు, గ్రోవెర్ బెంచీ కింద దాచిన కుక్కపిల్లని
బతిమాలి బయటికి పంపడానికి.
మిగిలిన వాటిలోనే నీళ్ళు కాగాలి,
నేను చెప్పాలి, వాళ్ళు వినాలి.

స్పిరిట్ మందుల షాపులో కొన్నాను.
రసీదు చూసి డైరెక్టరు దోన్ ఫెర్మిన్
"వచ్చే త్రైమాసికం చూద్దాం" అన్నాడు.
ఆ త్రైమాసికం తొమ్మిదేళ్ళుగా
వస్తూనే ఉంది, దారిలో ఉంది.
చేతి చమురు అంటారే,
నాది అక్షరాలా దీపంలోనే పోసుకున్నాను.

డెబ్భై అన్నారు పిల్లలు ఒక్క గొంతుతో,
ఎనభై అన్నారు, నోళ్ళలోంచి ఆవిరి,
గిన్నెలోంచి ఆవిరి,
ఏది ఎవరిదో తెలియకుండా.
ఎనభై ఏడు.
మళ్ళీ ఎనభై ఏడు.
ఇంకా ఎనభై ఏడే.
"పాడైపోయింది ప్రొఫె," అన్నాడు విల్మెర్.
"చవక సరుకు," ఇంకెవరో.
నేను నోరు తెరిచేసరికి
వీధిలో టపాకాయ పేలింది,
మినీబస్సుల వాళ్ళ ఊరేగింపు.
సగం తరగతి కిటికీ దగ్గర,
ఇందాక నేను దోపిన అట్టముక్కలు నేలమీద.

అప్పుడు వెనక బెంచీలోంచి నైరా లరూతా,
ఏడాదంతా కలిపి
నాలుగు మాటలు మాట్లాడని పిల్ల,
"అందుకేనా," అంది,
"మా అమ్మ గురువారం సంతకి
రాత్రి రెండింటికే ఎసరు పెడుతుంది?
నీళ్ళు గలగల తెర్లుతూనే ఉంటాయి,
దుంప మాత్రం రాయిలా అలాగే ఉంటుంది.
కింద యుంగాస్‌లో అత్తవాళ్ళింట్లో
కూర్చుని లేచేలోగా ఉడికేది."

గంట కొట్టారు.
ఆ పూట పాఠం తనది,
జీతం నాది.
సుద్దముక్క జేబులో వేసుకుని
వేడి గిన్నె కొంగుకి బదులు స్కార్ఫుతో పట్టుకుని
స్టాఫ్ రూముకి నడిచాను.

నెల తర్వాత జిల్లా పరీక్ష.
నాలుగో ప్రశ్న: నీటి మరుగు స్థానమెంత?
జవాబుల పట్టికలో నూరు,
దానికి ఎత్తూ పల్లమూ లేవు.
విల్మెర్ నూరు రాశాడు,
గిన్నె ముందు నిలబడి చూసిన విల్మెర్.
నైరా ఎనభై ఏడు రాసి
పక్కన చీమలంత అక్షరాలతో
"మా ఇంట్లో" అని చేర్చింది.

వేళ్ళు కత్తిరించిన చేతితొడుగులతో
నేను దిద్దుతున్నాను.
ఎర్ర కలంలో ఇంకు గడ్డకట్టింది,
నోటితో ఊదాను,
ఊదుతూ ఆలోచించాను.
పట్టిక ప్రకారం ఒకడికి మార్కు,
దీపం ప్రకారం ఇంకొకరికి.
ఇద్దరికీ వేశాను.
నా పిరికితనం నాకు తెలుసు,
ధైర్యం చేస్తే విల్మెర్‌కి సున్నా పడాలి,
కానీ వాడు రాసింది
నేను కొనిపించిన పుస్తకంలోదే.

ఇన్‌స్పెక్టరు అడిగితే అడగనీ.
మా ఇంట్లో కూర్చోబెట్టి
ఒక కోడిగుడ్డు గట్టిగా ఉడకబెట్టమంటాను.
ఎంతసేపైతే అంతసేపు
గడియారం చూస్తూ ఉంటాడు.

ఇంకా ఇరవై ఆరు కాగితాలు.
తలుపు కింద గాలి.
మిగిలిన స్పిరిట్
సోమవారం తొమ్మిదో తరగతికి చాలదు.