పదిహేను కిలోలు

మనిషికి పదిహేను కిలోలు, అంతకు మించితే
మోసేది మీరే అని బోర్డు మీద రాశాను.
ముమ్మిడివరం, డిగ్రీ కాలేజీ, జువాలజీ ల్యాబు,
సాయంత్రం నాలుగున్నర.
ఇరవై ముగ్గురు పిల్లలు, ఇద్దరు మేష్టర్లు,
ఫార్మలిన్‌లో నానుతూ మా మాటలు వింటున్న ఒక కప్ప.

విశాఖ రేవు నుంచి ఓడలో మూడు రాత్రులు.
అటుపైన పడవ. అటుపైన ఇంకో చిన్న పడవ.
ఆ చివరి దీవిలో ఫోను పలకదట,
కరెంటు రాత్రి పదిదాకానేనట.
"మా ఊళ్ళోనూ అంతేనండి" అన్నాడు గెడ్డం సువర్ణరాజు,
లంకల్లో పుట్టినవాడు,
వరదొస్తే పరీక్షలకి నాటుపడవలో దిగినవాడు.

రాసుకోండి:
జలగలకి ఉప్పు, పొగాకు.
దోమలకి వేపనూనె. వాంతులకి బిళ్ళలు.
పగడాన్ని ముట్టుకోకూడదు.
గవ్వ ఒక్కటి కూడా జేబులో వేసుకోకూడదు.
చూసి, గీసి, రాసి, వదిలేసి రావాలి.
"మరి అంత దూరం ఎందుకండీ?" వెనక బెంచీలోంచి ఎవరో.
జవాబు రేపు చెబుతానన్నాను.
ఆ తర్వాత చాలా రేపులు వచ్చి వెళ్ళాయి.

ఇంకో సంగతి. నాకు ఈత రాదు.
మాది కదిరి దగ్గర. నీళ్ళంటే మాకు
బిందెల లెక్కేగానీ లోతు లెక్క లేదు.
ఆదివారం పొద్దున్నే నన్ను కాలువలో దింపారు
నా విద్యార్థులే,
నడుముకి ఎండు కొబ్బరికాయలు కట్టి.
"కాళ్ళు కొట్టండి సార్, భయం నీళ్ళకి తెలిసిపోద్ది!"
గట్టుమీంచి నేలపూడి ఎస్తేరు కేక.
రేవులో బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు
వారానికి సరిపడా నవ్వుకున్నారు.
గుర్రపుడెక్క పువ్వొకటి చెవికి తగులుకుని
నేను తేలాను,
మూడు లెక్కపెట్టేంతసేపు.

అనుమతి కాగితాలు ఒక్కొక్కటే వచ్చాయి.
ఒకదాని మీద పసుపు మరక,
ఒకదాని వెనక రొయ్యల చెరువు మేత లెక్కలు.
ఫణీంద్ర వాళ్ళ నాన్న షరతు పెట్టాడు:
'మావాడు ఒడ్డున కూర్చుని చదువుకొనవలెను.'
పినపోతు ధనకుమారి కాగితం మాత్రం రాలేదు.
దానికి బదులు వాళ్ళ నాయనమ్మ వచ్చింది
భైరవపాలెం నుంచి,
పడవ దిగి ఆటో, ఆటో దిగి మళ్ళీ ఆటో.
స్టూలు వేస్తే కూర్చోలేదు.

"తొంభై ఆరు. దీపావళి నాలుగు రోజులుందనగా
వేటకెళ్ళాడండి మా ఆయన.
శవం రాలేదు.
కొందరు ఆ దీవులకి కొట్టుకుపోయారని
అప్పట్లో ఓ మాట వచ్చిందండి.
నేను నమ్మలేదు. నమ్మకుండానూ లేను."

కొంగు ముడి విప్పింది. డబ్బులనుకున్నాను.
జానెడు వల ముక్క.

"ఆయనది ఎడమచేతి వాటం. ముడి అటు తిరుగుద్ది.
మా ఊళ్ళో ఎవరిదీ అలా తిరగదండి.
అక్కడెవరన్నా వల బాగుచేసుకుంటా కనపడితే
పిల్లని ఓసారి చూడమనండి.
పేరూ ఊరూ అడగొద్దు.
ముడి చూస్తే చాలు."

నా పెన్ను పక్కకి తోసి
కాగితం మీద వేలిముద్ర వేసింది.
ఉప్పుకి అరిగిపోయి
గీతలు సగమే పడ్డాయి.

పిల్లలు వెళ్ళాక బీరువాలోంచి
ఖాళీ నమూనా సీసా ఒకటి తీశాను.
వల ముక్క మడిచి పెట్టి, మూత బిగించి, చీటీ అతికించాను.
సేకరించిన చోటు: భైరవపాలెం.
సేకరించినవారు: పినపోతు కాటమ్మ.
జాతి దగ్గర గీత గీశాను.
తేదీ దగ్గర చాలాసేపు ఆగాను.

చేపల కాటా అద్దెకి తెచ్చి సంచులు తూచాం.
ఎస్తేరు రెండు జతల బట్టలు తీసేసి
నాయనమ్మ చేసిన పూతరేకులు ఉంచుకుంది.
నా సంచి పదిహేను కిలోల నూటయాభై గ్రాములు.
ఎవరూ ఏమీ అనలేదు.

చివరి బెంచీ దగ్గర ధనకుమారి
నైలాను దారంతో కుస్తీ పడుతోంది,
కుడిచేతిని ఒళ్ళో దాచుకుని.
వేసిన ముడి వేసినట్టే
మళ్ళీ కుడివైపే తిరుగుతోంది.
పళ్ళతో పట్టి విప్పుతోంది.
ఓడ శుక్రవారం.