తిరగరాత

లీడ్స్‌లో, హన్స్‌లెట్ వీధి చివర
అచ్చుయంత్రాల కింద నేలమాళిగలో నా పని:
రాళ్లు అరగదియ్యడం.
రాయి మీద రాయి బోర్లించి, నడుమ ఇసుకా నీళ్లూ పోసి
గుండ్రంగా, మళ్లీ గుండ్రంగా తిప్పడం.
నిన్నటి బొమ్మ పోవాలి.
రేపటి బొమ్మకి చోటు కావాలి.

పని నేర్పినవాడు ఓట్మార్ కెస్ల్.
రాయికి చెవి ఆనించమనేవాడు.
"గరగరమంటే బొమ్మ ఇంకా ఉన్నట్టు.
ఉస్సురంటే చాలు, ఆపు."
ఈ రాళ్లన్నీ ఆయన ఊరివే, బవేరియా గనులవి.
పలక చీలిస్తే ఒక్కోసారి లోపల రొయ్య కనిపించేదట,
ఎప్పటి సముద్రానిదో,
కాళ్లు ముడుచుకుని.

మే నెలలో ఇద్దరు పోలీసులొచ్చి
ఆయన్ని మాన్ ద్వీపం శిబిరానికి తీసుకుపోయారు.
ఈ ఊళ్లో ముప్ఫయ్యేళ్ల కాపురం.
చెక్క అడుగుల బూట్లు ఇంకా మెట్ల దగ్గరే ఉన్నాయి.
శత్రుదేశం మనిషి.
శత్రుదేశం రాళ్లు నలభై ఒకటి
అరల్లో అలాగే ఉన్నాయి.
మీదే ఊరని వాటినెవరూ అడగలేదు.

రాతి మీద గీత అంటే చెరగనిదంటారు.
నీటి మీద రాత అంటే నిలవనిదంటారు.
ఇక్కడ రెండూ ఒకటే.
కొవ్వు సుద్దతో గీత గీసి, రాయంతా తడి చేస్తే
సిరా గీతకే అంటుకుంటుంది, తడికి జడిసి పక్కకి పోదు.
నీళ్లు కాపలా కాసినంతసేపే బొమ్మ.
ఆ తర్వాత నా ఇసుక.

ఆ వేసవిలో మర్గట్రాయిడ్ గారు
పెద్ద రాయి మీద ఒక గుమ్మం గీశారు.
గుమ్మంలో తల్లి. మెట్టు మీద టోపీ పెట్టుకున్న కొడుకు.
తల్లి చెయ్యి కోసం నన్ను పైకి పిలిచారు.
"భుజం మీద వేసినట్టు పెట్టు హెటీ, కదలకు."
ఇసుక కోసిన వేళ్లు,
గోళ్ల చుట్టూ తెల్లగా నానిన చర్మం.
పగుళ్లు గియ్యలేదాయన.
"అమ్మ చెయ్యి కదా," అన్నారు.
మా అమ్మ ఉన్ని మిల్లులో చేస్తుంది.
నేనేమీ అనలేదు.

వెళ్లమని తోస్తోందో
ఉండమని పట్టుకుందో
రాయి మీద ఆ చెయ్యి చూస్తే తెలియలేదు.
మర్నాడు కింద అక్షరాలు పడ్డాయి, ఎడమ కుడులు తారుమారై.
బడిలో చదువు నాకు అబ్బలేదు గానీ
తిరగరాత మాత్రం కంటికి అలవాటే.
చదివాను.
"మీ అమ్మ నిన్ను ఆపదు."

పన్నెండు వేలు అచ్చేశారు.
ట్రాము షెడ్డు గోడకి, చేపల అంగడికి, చర్చి కంచెకి
పన్నెండు వేల చేతులు నాకు.
రొట్టెకి పిండి కరువైన రోజుల్లో
బకెట్ల కొద్దీ పిండి జిగురు పూశారు వాటికి.
వాన పడితే మా వీధి గోడ మీద మణికట్టు దగ్గర ఉబ్బేది.

బొగ్గు బండి తోలే క్లెమ్ హోల్‌రాయిడ్
ఎవరో చెబితే విని, ఆ గోడ దగ్గర నన్ను ఆపాడు.
"అది నీ చెయ్యేనట?"
కాదన్నాను.
వాడు నవ్వి, గోడకి వీపు పెట్టి,
బొమ్మలో వేళ్ల కిందికి తన భుజం సరిగ్గా జరుపుకున్నాడు.
కాగితం తడిగా ఉంది.
చొక్కాకి జిగురంటింది.

అక్టోబరులో ఆ రాయి నా దగ్గరికే దిగింది.
రేగుపళ్ల జామ్ డబ్బాలకి చీటీ వెయ్యాలట.
ఇసుక పోశాను. తిప్పాను.
గరగర.
ముతక ఇసుక, సన్న ఇసుక, మళ్లీ ముతక.
మధ్యాహ్నానికి ఉస్సురంది.
తడి ఆరుతుంటే ఏటవాలు వెలుగులో చూశాను:
నాలుగు వేళ్లు,
పాలలో మునిగినట్టు.

ఫోర్‌మన్‌కి చూపించాను.
ఆకుల కింద పడుతుంది, కనబడదులే అన్నాడు.
ఈ డబ్బాలు ఎక్కడికి పోతాయని అడిగాను.
ఫ్రాన్స్‌కి.

క్రిస్మస్‌కి ముందు క్లెమ్ కార్డు ఒకటి వచ్చింది, పెన్సిల్‌తో.
బురద, ఎలుకలు, కాళ్లు బాగానే ఉన్నాయి.
ఎప్పుడు చూసినా ఇదే రేగు జామ్,
మొహం మొత్తుతోంది హెటీ,
అని రాశాడు.
చీటీ గురించి ఏమీ రాయలేదు.

ఆ కార్డుని కూడా అలవాటుకొద్దీ
ఒకసారి అద్దంలో పెట్టి చదివాను.