పెదవి మాట

అలెక్ సూటర్ పోయాడని పేపర్లో మూడంగుళాల వార్త వేశారు.
"రంగస్థల, చలనచిత్ర నటుడు" అని రాసి
ఒక సినిమా పేరు తప్పు రాశారు.
పోనీ.
ఆయన గొంతే తప్పనుకున్న వాళ్లకి
పేరొక లెక్కా.

ముప్పై ఒక్క ఏళ్లు నేను రంగానికి ఎడమపక్కన
తెర మడతలో, ఒళ్లో నాటకం ప్రతి పెట్టుకుని
చిన్న నీలం దీపం కింద కూచున్నదాన్ని.
మాట మరిచిన వాళ్లకి మాటందించడం నా కొలువు.
సూటర్‌కి అందించింది ఒకే ఒక్కసారి.
మిగతావాళ్ల లెక్క చెప్పను, వాళ్ల పిల్లలు బతికున్నారు.

డండీలో పుట్టాడు.
బెంగాలు నించి ఓడల మీద వచ్చిన జనపనారని
తిమింగలం నూనెతో మెత్తబరిచి
లోకానికంతటికీ గోనెలు నేసిన ఊరు.
వాళ్లమ్మ బెథియా పదమూడో ఏట మగ్గం దగ్గర నిలబడింది.
ఇరవై రెండుకల్లా చెవులు రెండూ మిల్లుకే ఇచ్చేసింది.
ఆ రొదలో గొంతులకి పని లేదు.
ఆడవాళ్లు పెదవులతో మాట్లాడుకునేవారు:
మేస్త్రీ మీద తిట్లు, రొట్టె ధర, ఎవరికి నెల తప్పిందో,
అన్నీ చప్పుడు చెయ్యకుండా
మూడు మగ్గాలు దాటి వెళ్లేవి.

"నాకేసి తిరిగి చెప్పు. మాట నమలకు."
కొడుక్కి ఆమె చెప్పిన చదువు అంతే.
మేడమీద చివరి వరసలో, స్తంభం చాటున కూచున్న వాడికి కూడా
ఆయన నోట ప్రతి హల్లూ కనపడేది.
కనపడేది అనే అంటున్నాను.

ఇక ఊళ్లు తిరగడం.
ఇన్వర్నెస్ దారిలో మంచుకి వ్యాను ఆగిపోతే
గడ్డకట్టిన రంగు కడ్డీలు చంకలో పెట్టుకుని కరిగించుకున్నాడు.
సోమవారం రాజు, మంగళవారం కాటికాపరి,
శనివారం పగటి ఆటకి జబ్బుపడ్డ నర్సు బదులు తనే నర్సు.
అద్దె గదుల్లో రోజూ అదే చేప, అదే దుప్పటి కంపు.
పెళ్లాడతానన్న పిల్ల పెర్త్‌లో రైలు దిగిపోయింది.
దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

నలభై దాటాక లండన్ నించి పిలుపు.
దీపస్తంభం కాపరి వేషం. ముఖం నచ్చింది వాళ్లకి.
గొంతు మాత్రం దక్షిణాది వాళ్లకి అర్థం కాదట,
నునుపైన గొంతున్న ఇంకెవరినో తెచ్చి
ఈయన పెదవుల మీద అతికించారు.
ముందుగా ఎవరూ చెప్పలేదు.
సొంత ఊళ్లో, నిండిన హాల్లో, తల్లి పక్కన కూచుని తెలుసుకున్నాడు.
వెనక ఎవడో నవ్వాడు. సూటర్ టోపీ మోకాళ్ల మధ్య నలిపేస్తున్నాడు.

బయట వాన. టే నది మీంచి గాలి.
బెథియా కొడుకు మొహాన్ని దీపం వెలుతురుకి తిప్పి అడిగింది:
"చివర్లో ఆ నీళ్లలో నిలబడి
'అమ్మా, కాళ్లు కొయ్యలైపోయాయి' అన్నావు.
అన్నిసార్లు ఎందుకు దింపారురా నిన్ను?
ఉన్ని మేజోళ్లు వేసుకోలేదా?"

పద్దెనిమిదోసారి తీసిన షాట్ అది.
కథలో ఉన్న మాట మరిచిపోయి, నిజంగానే అలా అన్నాడట.
అరువు గొంతు దాని మీద దేవుడి గురించి ఏదో పలికింది.
ఊరంతా ఆ దేవుణ్ణే విన్నారు.

ఒకే ఒక్కసారి అన్నాను కదా.
మూడో వరసలో ఆ మూల కుర్చీ ఖాళీగా ఉన్న మొదటి రాత్రి.
రెండో అంకంలో ఆగిపోయి, ఆ కుర్చీని చూస్తున్నాడు.
నా గొంతు పెగల్లేదు. ఉత్త పెదవులు కదిపాను.
అందుకున్నాడు.

చివరికి గొంతులో పుండు. కోసి తీసేశారు.
ఆసుపత్రిలో రాసుకోడానికి పలక ఇచ్చారు, పక్కన పడేశాడు.
ఆఖరి మాట ఏమిటని పేపరు కుర్రాడు ఫోను చేశాడు.
పాత నాటకంలో ఏదో సంభాషణ అని చెప్పాను,
వాళ్లకి అలాంటివే కావాలి.

టీలో చక్కెర తక్కువైందన్నాడు.