ఎడమ చెవి

గాజు గదిలో కూర్చోబెట్టి
రెండు చెవులకీ తలుపులు మూసింది ఆ పాప.
"కూత వినబడితే వేలెత్తండి సార్" అనింది.
కుడిచెవికి పిచ్చుకలు వచ్చినాయి, వేలెత్తినా.
ఎడమచెవికి ఎవరూ రాలేదు.

"ఏం పని చేసేవోళ్ళు?" అడిగినాడు డాక్టరు.
ఆర్టీసీ కండక్టరు సార్,
చిత్తూరు - తిరుపతి, ముప్పై ఒక్కేళ్ళు.
"అదీ సంగతి, ఇంజను మోత" అని రాసుకున్నాడు.
రాసుకోనీ.
ఇంజను పాపం ఏమీ ఎరగదు.

ఈ చెవిని నేను
ఎనభై నాలుగులో, మామిడికాయల కాలంలో
మూడు రూపాయల టికెట్టుకి ఇచ్చేసినా.
చిల్లర కూడా అడగలేదు.

కోలారు గనుల నుంచి వచ్చినారు ఆ నలుగురూ
లారీ మీద, డ్రమ్ములు పరుపుల్లో చుట్టుకోని.
తెల్లగుడ్డ మీద 'డీప్ షాఫ్ట్' అని పేరు,
చోటు చాలక ఆఖరి అక్షరం కిందికి జారింది.
చిత్తూరు హైస్కూలు మైదానంలో రేకుల స్టేజీ,
దానికి ఎడంపక్క
మా పెద్దమ్మ బీరువా అంత నల్లపెట్టె.
దానికి ఆనుకుంటే పాట ఒంట్లోకి ఎక్కుతుందని
కనిపెట్టినోడు మొగిలీశు.
వాడు వీపు ఆనించినాడు. నేను చెవి.

మొదటి దెబ్బకే
జేబులో బీడీకట్ట గంతులేసింది.
గనుల్లో నాయినలు పేల్చంగా మిగిలిన మందుగుండంతా
కొడుకులు దాచిపెట్టి తెచ్చినట్టుంది.
గిటారోడిది మెల్లకన్ను, సన్నంగా ఉండాడు,
ఒక్క తీగ పట్టుకోని సాగదీస్తా పోతే
పచ్చి మామిడికాయ కొరికినట్టు
మా పండ్లు పులిసినాయి.
ఒక్క ముక్క ఇంగ్లీషు అర్థమయ్యింటే ఒట్టు.
మొగిలీశు మాత్రం గొంతెత్తి పాడినాడు,
'ఓ బేబీ' అన్నచోటంతా 'ఓబులేసీ' అని.
ఎవర్రా వాడంటే
"ఎవరో పాపం, ఇందాకట్నుంచీ పిలస్తానే ఉండారు, పలకడంల్యా."

అప్పుడు కరెంటు పోయింది.
గిటారు సచ్చింది. గొంతు చిన్నదైపోయింది.
డ్రమ్ములోడు ఆపలేదు.
చీకట్లో వాడొక్కడే
కొడతా, కొడతా, కొడతా...
రోడ్డు మీద తోతాపురి లోడుతో పోయే లారీ ఒకటి
మలుపు తిరిగొచ్చి గోడకాడ నిలబడి
రెండు లైట్లూ మా మీద ఏసింది.
స్టేజీ గుడ్డ మీద నీడలు ఎగిరినాయి.
అందులో ఒకటి నాది,
అంత పొడుగు నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

మురకంబట్టు దాకా నడిచినాం.
దోవలో కుక్కలు నోరు తెరస్తా ఉండాయి, మూస్తా ఉండాయి,
అరుపు మాత్రం లేదు.
తలుపు తీసి మాయమ్మ తిట్టింది, చానాసేపు.
ఆమె నోట్లోంచి కూడా గిటారే వచ్చింది.

తర్వాత చానా చూసినాం.
వేలూరు కాలేజీలో గోడ దూకి.
తిరుపతి యూనివర్సిటీకాడ, వానలో,
ఒక్క గొడుగు కింద ఏడుగురం.
బెంగుళూరు పొయ్యి, తిరుగు చార్జీ లేక
పాలవ్యానులో, క్యాన్ల మధ్య, తెల్లారేదాకా.

ఇంగ తర్వాత సంచీ, విజిలు.
బస్సు కదలాలంటే రేకు మీద రెండు దెబ్బలు చాలు.
నేను నాలుగు కొట్టేవాణ్ణి,
మూడోది కొంచెం ఆలస్యంగా.
పూతలపట్టు స్టాపులో డ్రైవరు చెంగల్రాయుడు తల తిప్పి
"పోవాల్నా, ఆగాల్నా సామీ?" అనేవాడు.

గాజు గదిలో ఉన్నట్టుండి వేలెత్తినా,
ఎడమ చెవికే.
"సార్, నేనింకా ఏమీ పెట్టలేదు" అనింది పాప.
తెలుసు తల్లీ.
మెల్లకన్నోడు ఆ తీగ మీద నుంచి
వేలు ఇంకా తియ్యలేదు.

మిషను పెట్టుకుంటే
ఆ గుయ్యిమనేది తగ్గుతుందన్నాడు డాక్టరు.
కుడిదానికి ఏమైనా పెట్టండి సార్.
ఆ సీట్లో తువ్వాల ఏసుంది.