దుమ్మే అన్నాను

"డిస్కు కనబడటం లేదు."
నల్లటి తెర మీద ఒకే ఒక్క తెల్ల వాక్యం.
దాని చివర ఆరిపోతూ వెలుగుతూ ఒక చిన్న గీత,
జవాబు తెలియని పిల్లాడి కనురెప్పలా.

జుగ్దీదీలో సెప్టెంబరు. హేజెల్‌నట్ గోదాము.
బయట లారీ నీడలో నలభై మంది రైతులు,
గోళ్ళ సందుల్లో పచ్చితొక్కల మరక.
డబ్బులు ఇవాళే అన్నారు వాళ్ళతో.
ఎవరు ఎన్ని కిలోలు తెచ్చారో
అంతా ఈ డబ్బాలోనే ఉందట.
"నాటెలా, బతుకుతుందా?" అన్నాడు యజమాని గెనో,
నా పనిముట్ల సంచీని
మంత్రసాని సంచీలా చూస్తూ.

నేను వెంటనే ఏదీ విప్పను.
ముందు వింటాను.
పెట్టె పక్కకు చెవి ఆనిస్తే
లోపల సన్నగా తిరుగుతోంది డిస్కు,
టక్కు టక్కుమని తలబాదుకోవడం లేదు.
చావలేదు. పిలిస్తే పలకడం లేదు, అంతే.

బయోస్ తెరిచాను.
గాలిపంకా వేగం చెప్పింది.
టైము చెప్పింది, మూడు నిమిషాలు వెనకగా.
ఎలుక తోక కొరికేసిన మౌసుని కూడా
గుర్తుపట్టింది.
మొదటి గడి: ఖాళీ. రెండో గడి: ఖాళీ.
ఊరందరి పేర్లూ చెప్పి
తన పేరు అడిగితే నీళ్ళు నమిలే మనిషిలా.

ఈలోగా కిటికీ అవతల గుమాస్తా జుంబెర్,
చెవి మీది పెన్సిల్ తీసి,
"ఊరికే నిలబడటం దేనికి,
నోటితో చెప్పండి, రాసుకుంటాను" అన్నాడు.
"ఎలిసో. నాలుగువందల పన్నెండు."
"ఖుతా. ఆరువందల ఏడు. ఎనిమిది కాదు, ఏడే."
"త్సియాలా. రెండువందల తొంభై.
ఇంకో గిన్నెడు కాయలు ఊరికే ఇచ్చాను,
అది రాయకు."
ఒక్కరూ తడుముకోలేదు.
వీపు మీద మోసిన బరువు
వీపు మరిచిపోతుందా?

పక్కరేకు ఊడదీశాను.
కంబళి మందాన దుమ్ము.
ఒక చచ్చిన కందిరీగ.
కరెంటు తీగ బిగువుగానే ఉంది.
ఎర్రటి డేటా కేబుల్ మాత్రం
డిస్కుకి బెత్తెడు దూరంలో వేలాడుతోంది,
అలిగి గోడకేసి తిరిగినట్టు.

దాని కొసన ఉండే ఇనుప క్లిప్పు సంగతి
మీకు చెప్పాలి.
లారీలు అదిరినా ఊడదు. ఎలుక లాగినా ఊడదు.
వేలితో నొక్కి పట్టుకుంటేనే వదులుతుంది.

దుమ్ములో, క్లిప్పు పక్కనే,
ఒక బొటనవేలి ముద్ర. తాజాది.

కిటికీలోంచి చూశాను.
జుంబెర్ బొటనవేలు ప్యాంటుకి తుడుచుకుంటూ రాస్తున్నాడు.
నా వైపు చూడలేదు.
చూడకుండా ఉండటానికి
చాలా కష్టపడుతున్నాడు.

కేబుల్ గుచ్చాను. టిక్.
ఇంతోటి చప్పుడుకి ఇంత మంది ఎండలో.
మొదటి గడిలో పొడుగాటి నంబరొకటి వచ్చి
బుద్ధిగా కూర్చుంది.
గెనో ఊపిరి వదిలాడు. జాబితా తెరిచాడు.

ఎలిసో: మూడువందల తొంభై ఆరు.
ఖుతా: ఐదువందల ఎనభై ఎనిమిది.
త్సియాలా: రెండువందల ఎనభై ఒకటి.

నాకు లెక్కలు రావు, కేబుళ్ళే వచ్చు.
అయినా పదహారు, పంతొమ్మిది, తొమ్మిది
కంటికి తగులుతాయి కదా,
అన్నంలో రాళ్ళు పంటికి తగిలినట్టు.

అప్పుడే జుంబెర్ లోపలికొచ్చి
తన నోటుపుస్తకం తెరిచి
కీబోర్డు పక్కన పెట్టాడు.
ఏమీ అనలేదు.
అతని వెనక కిటికీ నిండా తలకాయలు.

తెర వంకా, కాగితం వంకా, కిటికీ వంకా చూసి
గెనో చివరికి నన్ను అడిగాడు:
"ఇంతకీ దీనికేమైంది?"

"దుమ్ము" అన్నాను.
"దుమ్మే. ఇన్నేళ్ళూ ఎవరూ తెరిచి చూడలేదు."

పదిహేను లారీలు అడిగాను, మా డబ్బు లారీలు,
బయట నిలబెట్టినవి కాదు.
ఇరవై ఇచ్చాడు, చిల్లర అడగలేదు.
చేతులు కొంచెం చెమర్చాయి అతనికి.

రేకు బిగించే ముందు
బొటనవేలి ముద్ర ఉన్న చోటు
గుడ్డతో తుడిచేశాను.
కందిరీగని అలాగే ఉంచాను,
రేపెవరైనా అడిగితే
చూపించడానికి.