నోటి తూటా

ఆమదాలవలస దగ్గర ఏటి ఇసుకలో
తెల్లారగట్ల నాలుగున్నరకి
పదిహేడు మంది గుంటలు పరిగెడతారు.
నాగావళి ఇంకా నిద్రలోనే ఉంటుంది.
నా నోట్లో ఈల. మోకాల్లో పాత నొప్పి.

ఇరవై రెండేళ్లు తుపాకులు బాగుచేశాను.
కాల్చింది తక్కువ, విప్పింది ఎక్కువ.
స్ప్రింగు వేలికి తగిలితే చాలు
దానికెన్నాళ్లు ఆయుష్షుందో చెప్పేవాణ్ణి.

ఆఖరి ఏడు
అభ్యాసానికి ఖాళీ తూటాలు కూడా రాలేదు.
బడ్జెట్ లేదట.
సుబేదారు మమ్మల్ని గట్టు వెనక బోర్లా పడుకోబెట్టి
"నోటితో అనండి" అన్నాడు.
ముప్పై మంది మీసాలున్న మగాళ్లం
ఠాం ఠాం అని అరిచాం.
మొదట నవ్వొచ్చింది.
మూడో రోజుకి ఎవరికీ రాలేదు.

మూడు బళ్లుంటే ఒకదాన్ని చంపి
రెండింటిని బతికించేవాళ్లం.
తనిఖీకొచ్చిన దొరకి మూడూ కనిపించాలి కదా,
చచ్చినదానికే రంగు బాగా వేసేవాళ్లం.

రాత్రి మంచు కొండల్లోంచి దాలినాయుడు ఫోను.
నా ఇసుకలో పరిగెత్తినవాడే.
"ఏటి బావూ, ఎలాగున్నావు?"
"బాగున్నాను మేస్టారూ. ఈ ఏడు ఐదే ఇచ్చారు."
"ఏటి, సెలవులా?"
"తూటాలు."
కాసేపు ఇద్దరం గాలి విన్నాం.
"గురి కుదుర్తందా?"
"కుదిరేలోగా అయిపోతన్నాయి."

పేపర్లో ఆ అంకె చూశాను.
సున్నాలు లెక్కపెట్టడానికి వేళ్లు చాల్లేదు.
తగ్గించారో పెంచారో పెద్దలకే ఎరుక.
పైన వదిలిన నీరు
శివారు మడికి చేరిందో లేదో
చేలో నిలబడ్డవాడికే తెలుస్తుంది.

మా అక్క ఎర్నమ్మ ఉద్దానంలో
వారానికి రెండుసార్లు రక్తం కడిగించుకుంటుంది.
ఆ మిషనూ నెలకోసారి మూలన పడుతుంది,
పార్టు రావాలంటారు.
"ఇదీ నీ తుపాకీ లాంటిదేనేటిరా?" అంది మొన్న.
దీనికివ్వండి, దానికి కోయండి
అనే నోరు
నాకు లేదు.

ఈరోజు పరుగయ్యాక
పొందూరు నుంచి సైకిలు మీదొచ్చే గుంటడు
వెదురుకర్ర భుజానికి ఆనించి
"మేస్టారూ, కాల్చడం ఎప్పుడు నేర్పుతారు?" అన్నాడు.

బోర్లా పడుకోమన్నాను.
ఊపిరి సగం వదిలి ఆపమన్నాను.
అవతలి ఒడ్డున ఎండిన తాటిమట్ట చూపించాను.
ఇక నోటితో...
అనలేకపోయాను.

వాడే అన్నాడు.
ఎంత గట్టిగా అన్నాడంటే
ఏటి మధ్య కొంగలన్నీ లేచిపోయాయి.